అందరికీ ఒకటే లైటా?

ఈ మధ్య ఎవరి ఫొటో చేతికిచ్చినా ముందుగా కళ్లలోకి చూడటం అలవాటైంది. నల్లగుడ్డు నడిమధ్యన తెల్లటి చక్రం ఒకటి మెరుస్తుంటుంది. రింగ్‌లైట్ పెట్టి తీశారన్నమాట. పాస్‌పోర్టు ఫొటోలో అదే చక్రం, పెళ్లి సంబంధానికి పంపిన ఫొటోలో అదే, వార్డుకు పోటీ చేస్తున్నాయన ఫ్లెక్సీలో అదే, ఏడాది నిండిన పసిపిల్ల కళ్లలోనూ అదే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఏ ఊరి స్టూడియోకు పోయినా ముఖానికి ఎదురుగా ఆ గుండ్రటి లైటు, దాని బొక్కలోంచి చూసే ఫోనో కెమెరానో. మనిషి మారతాడు, పని మారుతుంది, లైటు మారదు.

ఎందుకిట్లా అని అడిగితే "కాకా, స్కిన్ మంచిగొస్తది" అంటాడు కుర్రాడు. వస్తుంది, కాదనను. ముక్కు పోతుంది, దవడ పోతుంది, గడ్డం కింద నీడ పోతుంది. చర్మం మిగులుతుంది.

నేను పని నేర్చుకున్నది డెబ్బైల చివర, సూర్యాపేటలో ఒక పాత స్టూడియోలో. అప్పుడు ఈ మూడు ఊళ్లూ నల్లగొండ జిల్లావే. 2016లో సూర్యాపేట జిల్లా అయి కోదాడను తనతో తీసుకుపోయింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. ఫొటోగ్రాఫర్‌కు మాత్రం మూడూ కలిపి ఒకటే తిరుగుడు. మా గురువుగారు గడప తొక్కిన ప్రతి మనిషినీ బల్ల మీద కూర్చోబెట్టి మొదట ఒక్కటే అడిగేవాడు: "ఫొటో దేనికి?"

ఆ జవాబును బట్టి లైటు. దరఖాస్తుకైతే రెండు బల్బులూ సమానంగా అటొకటి ఇటొకటి. చెవులు రెండూ కనపడాలి, వెనక గోడ మీద నీడ పడొద్దు. పెళ్లి సంబంధానికైతే నిలువెత్తు ఫొటో. ముఖానికి పెద్ద లైటు, జడ వైపు చిన్నది, వెనక తెర మీదికి ఇంకొకటి. ఆ మూడోది లేకపోతే నల్లటి జడ ముదురు రంగు తెరలో కలిసిపోయి, పిల్లకు జుట్టే లేదని అబ్బాయి తరఫు వాళ్లు అనుకుంటారు. ఎన్నికల్లో నిలబడేవాళ్లు చేతులు జోడించి వచ్చేవాళ్లు. వాళ్లకు నీడలు గట్టిగా ఉండాలి, ఎందుకంటే ఆ ఫొటో ఒక రంగు సిరాతో చవక కాగితం మీద అచ్చవుతుంది. మెత్తటి వెలుగులో తీస్తే పోస్టర్ మీద నాయకుడు మసకబారిపోతాడు. ఇక కొడుకులు ముసలి తండ్రిని వెంటబెట్టుకొచ్చి గోడకు పెట్టుకునే ఫొటో కావాలంటే గురువుగారు బల్బులన్నీ ఆర్పేసి ఉత్తరం వైపు తలుపు తెరిచేవాడు. పక్కనుంచి వచ్చే ఆ చల్లటి వెలుగులో ముఖం మీది ప్రతి ముడతా లెక్కపెట్టుకునేటట్టు పడేది. "అవి ఆయన సంపాదించుకున్నవి, మనం చెరిపేదేంది" అనేవాడు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఎనభై ఏళ్ల మనిషి ముడతలను ఒక్క నొక్కుడుతో తీసేస్తుంది. తీసేశాక మిగిలిన ముఖం ఎవరిదో కొడుకులకైనా తెలియాలి కదా.

పాత ఫొటోల్లో ఎవరూ నవ్వరని నేటి పిల్లలు వేళాకోళం చేస్తారు. మా జిల్లాలో దానికి ఒక కారణం నీళ్లలో ఉండేది. నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి దేశమంతా ఎరిగినదే. ఎముకలు వంగిపోయినవాళ్లను పేపర్లలో చూశారు. పళ్ల మీద గోధుమరంగు చారలు పడినవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువమంది, వాళ్లెవరూ పేపర్లకు ఎక్కలేదు. పెళ్లీడు పిల్ల వచ్చి బల్ల మీద కూర్చుని పెదాలు బిగించుకుంటే మేం "నవ్వమ్మా" అనేవాళ్లం కాదు. లైటు కాస్త పైకెత్తి, కళ్ల మీద మెరుపు వచ్చేటట్టు పెట్టి, కళ్లతో నవ్వేలాగా ఏదో ఒక మాట అనేవాళ్లం. ఇప్పుడు "స్మైల్, స్మైల్" అని అరిచి, తర్వాత కంప్యూటర్‌లో పళ్లకు సున్నం వేస్తున్నారు.

రంగు గొడవ ఒకటి. "కొంచెం తెల్లగా రావాలె సారూ" అని అడగని తల్లి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అప్పుడు మేం చేసింది ముఖానికి కాస్త పౌడరు, నెగెటివ్ మీద పెన్సిలు ముల్లుతో టచింగు. అంతకు మించి చేయబోతే గురువుగారు తిట్టేవాడు. నల్లటి ముఖానికి ఎదురు లైటు పనికిరాదని, పక్కనుంచి పెద్ద తెల్లగుడ్డ మీదుగా వెలుగు పంపితే బుగ్గ ఎముక మీదా నుదుటి మీదా నిగనిగ వస్తుందని ఆయన చూపించాడు. ఎండలో నాట్లు వేసి వచ్చిన మనిషి ముఖం ఆ వెలుగులో రాగిలాగా మెరిసేది. ఇప్పుడు అందరూ గులాబీ రంగులో ఉంటున్నారు. ఒకే ఇంట్లో నలుగురు అక్కచెల్లెళ్లకు నాలుగు ఛాయలుంటాయి, గ్రూపు ఫొటోలో నలుగురికీ ఒకటే ఛాయ.

అప్పట్లో లైట్ మీటరు ఉన్న స్టూడియో అరుదు. స్టాండుకు దారం కట్టి దానికి ముడులు వేసుకునేవాళ్లం. మొదటి ముడి దగ్గర ముఖం ఉంటే అపర్చర్ ఇంత, రెండో ముడి దగ్గర ఉంటే ఇంత. లైటును రెండింతల దూరం జరిపితే వెలుగు సగం కాదు, నాలుగో వంతే మిగులుతుందన్నది పుస్తకంలో చదవక ముందే ఆ దారం నేర్పింది. 120 రోల్‌కు చదరం ఫొటోలు పన్నెండే వస్తాయి. ఊటీలో ప్రభుత్వ కంపెనీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ చేసే 'ఇందు' నలుపు తెలుపు ఫిల్మ్ మాకు దిక్కు. రంగుల రోల్ అయితే కడిగించడానికి సూర్యాపేట నుంచి హైదరాబాదుకో, కోదాడ నుంచి విజయవాడకో బస్సులో పోవాల్సిందే. పన్నెండులో ఒకటి పాడైతే గిరాకీ ముందు తలెత్తుకోలేం. ఇప్పుడు ఒక పెళ్లికి మూడు వేలు నాలుగు వేలు నొక్కుతున్నారు. అందులో ఏదో ఒకటి బాగా రాకపోతుందా అన్న ధైర్యం. దాన్ని ధైర్యమనడం కూడా ఎక్కువే.

ఊరు మారితే లైటు మారడం మిర్యాలగూడలో నేర్చుకున్నాను. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి విరగపండింది, వరి వెంట మిల్లులొచ్చాయి. మిల్లుల వెంట మేమూ పోయాం. బ్యాంకు లోనుకు ఫొటో కావాలి, ఇన్సూరెన్సుకు కావాలి, కొత్త బాయిలర్ బిగిస్తే దాని పక్కన ఓనరు కొబ్బరికాయతో నిలబడాలి. ఉప్పుడు బియ్యం మిల్లులో గాలంతా ఊక దుమ్ము. అందులో కెమెరా మీది ఫ్లాష్ కొడితే దుమ్ము రేణువులే ముందుగా వెలిగి ఫొటో నిండా తెల్లచుక్కలు పడతాయి. అందుకే ఫ్లాష్ సంచిలోనే ఉంచి, గోదాము పక్క షట్టర్లు ఎత్తించి, పొద్దు వాలే వేళ దాకా ఆగేవాళ్లం. ఏటవాలు ఎండ దుమ్ములోంచి పట్టీలు పట్టీలుగా దిగి బస్తాల మీద పడేది. ఓనరు ముఖం చీకట్లో ఉందంటే హమాలీ ఒకరు తన తెల్ల పంచె విప్పి అడ్డంగా పట్టేవాడు, ఎండ దాని మీద పడి ఓనరు ముఖానికి తిరిగేది. కెమెరా స్టాండు మీద, షట్టర్ అర సెకను, "ఊపిరి బిగబట్టండి సేటు" అని ఒక మాట. ఆ ఫొటోలు ఇప్పటికీ సాగర్ రోడ్డు మీద కొన్ని ఆఫీసుల్లో గోడల మీద ఉన్నాయి. మొన్న ఒక మిల్లుకు ప్రచార వీడియో తీస్తుంటే చూశాను. డ్రోన్ పైన ఎగిరింది, పొగగొట్టం చుట్టూ రెండు చక్కర్లు కొట్టింది, దిగింది. లోపల బియ్యం ఎట్లా అవుతాయో, ఎవరు మోస్తారో వీడియోలో లేదు. పైకప్పు రేకులు మాత్రం బాగా కనపడ్డాయి.

కోదాడ చుట్టుపక్కల మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల పని వేరు. తెల్ల టోపీల కింద కళ్లు నీడలో పడిపోతాయి, మిట్టమధ్యాహ్నమైతే మరీను. అక్కడ పట్టపగలే ఫ్లాష్ కావాలి, అదీ సగానికి తగ్గించి, మీద రుమాలు కట్టి. ఎండలో ఫ్లాష్ వేస్తుంటే సెక్యూరిటీ వాళ్లు నన్ను చూసి నవ్వుకునేవాళ్లు.

పోలీసు పిలుపులు కూడా ఉండేవి. హైదరాబాద్-విజయవాడ రోడ్డు అప్పట్లో నేషనల్ హైవే 9, ఇప్పుడు 65. ఆ రోడ్డు మీద ప్రమాదం జరిగిందంటే స్టేషన్ నుంచి మనిషి అర్ధరాత్రి తలుపు కొట్టేవాడు. మట్టి మీద టైరు గుర్తును ఎదురుగా ఫ్లాష్ వేసి తీస్తే ఏమీ కనపడదు. ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి నేలకు ఆనించి, అడ్డంగా కొడితే ప్రతి గాడిలో నీడ నిలబడుతుంది, టైరు అచ్చు మొత్తం లేచి వస్తుంది. కేసు ఆ నీడ మీద నడిచిన సందర్భాలున్నాయి. శవం ఫొటో తీసి పొద్దున్నే బారసాలకు పోయిన రోజులూ ఉన్నాయి. మధ్యలో స్నానం చేసి, అదే కెమెరా తుడుచుకుని. ఈ పని ఇప్పుడు కానిస్టేబుల్ ఫోనే చేస్తోంది, నాకేం బాధ లేదు.

పెద్దగట్టు జాతర గురించి చెప్పకపోతే సూర్యాపేట మనిషినని ఎవరూ నమ్మరు. దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామికి రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. గుట్ట కింద మా డేరా స్టూడియో. వెనక తాజ్‌మహల్ తెర, పక్కన అట్ట మోటారు సైకిలు. "ఓ లింగా" అంటూ భేరీల మోతలో గజ్జెల లాగులు వేసుకున్నవాళ్లు చెమటతో, పసుపుతో వచ్చి నిలబడేవాళ్లు. డేరా బట్ట ఎర్రదైతే ముఖాలన్నీ ఎర్రగా వస్తాయి, పసుపుదైతే కామెర్లు వచ్చినట్టుంటారు. అందుకని మా డేరాకు పైన తెల్ల గాడాగుడ్డ తప్ప ఇంకోటి వేయనిచ్చేవాడు కాదు గురువుగారు. పక్క డేరావాడు రంగుల షామియానా కింద తీసి, "ఫిల్మ్ మంచిది రాలే" అని గిరాకీకి చెప్పుకునేవాడు. ఇప్పుడు జాతరలో డేరా స్టూడియోలకు చోటే లేదు. ఎవరి ఫొటో వాళ్లే తీసుకుంటున్నారు. చేయి చాచి తీసుకున్న ఆ ఫొటోల్లో ముందు వాళ్ల ముక్కే ఉంటుంది, వెనక ఎక్కడో దేవుడు.

బతుకమ్మ ఫొటో ఎప్పుడు తీయాలో సద్దుల చెరువు గట్టు మీద నిలబడ్డవాళ్లకు తెలుసు. పొద్దు గుంకి, కరెంటు దీపాలు ఇంకా వెలిగీ వెలగని ఆ కాసేపు. షట్టర్ నెమ్మది చేసి, ఫ్లాష్ మెల్లగా తాకించి తీస్తే ఆకాశంలో నీలం ఉంటుంది, తంగేడు పసుపు ఉంటుంది, చుట్టూ తిరిగే ఆడవాళ్ల కొంగుల్లో కొంచెం కదలిక ఉంటుంది. ఇప్పుడు గట్టు మీద స్తంభాలకు పెద్ద లైట్లు, పైన డ్రోన్. పైనుంచి చూస్తే నడినెత్తులే కనిపిస్తాయి. ఏ అమ్మ ఏ పాట పాడుతోందో ముఖం చూస్తే కదా తెలిసేది.

ఆడవాళ్ల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన లాలా దీన్ దయాళ్, నిజాం గారి ఆస్థాన ఫొటోగ్రాఫర్, 1892లో హైదరాబాదులో ఆడవాళ్ల కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ చేతుల్లో పెట్టాడు. పరదా పాటించే ఇళ్ల వాళ్లకు ఆ ఏర్పాటు. మా ఊళ్లలో అట్లాంటి స్టూడియో లేదు. నా దగ్గర ఆ పని మా ఇంటావిడది. ఘోషా ఇళ్లకు పోతే ముసుగు సర్దేది, లైటు పట్టేది ఆమే. నేను వాకిట్లో నిలబడి "కొంచెం ఎడమకు" అని చెప్పేవాణ్ని. చివరికి నొక్కడం కూడా ఆమే నేర్చుకుంది. ఆ ఇళ్ల ఫొటోల్లో లైటు నాకన్నా ఆమెదే బాగుండేదని చెప్పడానికి నాకు నామోషీ లేదు.

కరెంటు సంగతి ఈ తరానికి చెప్పినా అర్థం కాదు. పంటకాలంలో మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే స్టూడియోలో 500 వాట్ల బల్బు నిప్పుకణికలాగా ఎర్రబడేది. నలుపు తెలుపులో వెలుగు తగ్గిందంతే అనుకుని షట్టర్ టైము పెంచుకునేవాళ్లం. రంగుల ఫిల్మ్ వచ్చాక వోల్టేజీ తగ్గితే మనిషి నారింజ పండైపోయేవాడు. ట్యూబ్‌లైట్ కింద తీస్తే పచ్చబడేవాడు.

ఓటరు కార్డుల కాలం ఒకటుంది. 1993లో టి.ఎన్. శేషన్ ఎన్నికల గుర్తింపు కార్డులకు ఆదేశాలిచ్చాక ఊరూరా బడుల్లో కుర్చీలు వేసి, వెనక గుడ్డ కట్టి, వరసగా నిలబెట్టి తీశారు. ఆ కార్డుల మీద ముఖాలు చూసి నవ్వుకోని ఇల్లు లేదు. అక్కడ లైటు గురించి ఎవరూ ఆలోచించలేదు, టైమూ లేదు. కానీ ఎందరో ముసలమ్మలకు బతుకంతా కలిపి ఆ ఒక్క ఫొటోనే. పోయాక దండ వేయడానికి మనవళ్లు ఆ కార్డే పట్టుకొచ్చేవాళ్లు. గోరంత ముఖాన్ని గోడంత చేయాలి. డార్క్ రూములో కూర్చుని, లేని కనుబొమ్మను పెన్సిలుతో గీస్తూ, బడి వరండాలో ఆ పూట ఒక్క తెల్లగుడ్డ పక్కకు పట్టి ఉంటే ఈ ముఖం దక్కేది కదా అనిపించేది.

మా రోజుల్లో అన్నీ బంగారమేనని చెప్పేంత ముసలితనం ఇంకా రాలేదు. ఎనభైల నడుమ వీడియో వచ్చినప్పుడు 1000 వాట్ల హాలోజన్ లైటు పెళ్లికూతురు ముఖానికి మూరెడు దూరంలో పట్టేవాళ్లు. కుంకుమ కారిపోయేది, కళ్లలోంచి నీళ్లు, అప్పగింతలకు ముందే ఏడుస్తుందని చుట్టాలు అనుకునేవాళ్లు. నేటి కెమెరా నూనె దీపం వెలుగులో ముఖం తీస్తుంది. అది మాకుంటే గుళ్లో, గర్భగుడి ముందు, పిల్లలమర్రి రాతి స్తంభాల మధ్య ఎంత పని చేసేవాళ్లమో. అద్దంలాగా నునుపు పట్టిన ఆ నల్లరాతికి ఫ్లాష్ కొడితే తెల్లటి మచ్చ తప్ప శిల్పం రాదు. మేం బయట ఎండలో తెల్లగుడ్డ పట్టించి, వెలుగు లోపలికి తిప్పి తీసుకున్నాం. ఇప్పటి కుర్రాళ్లకు గుడ్డ అక్కర్లేదు. అంత కెమెరా చేతిలో పెట్టుకుని ఆ స్తంభం పక్కన పెళ్లికి ముందు జంటను నిలబెట్టి రంగుల పొగబాంబు పేలుస్తారు. స్తంభమూ కనపడదు, జంటా కనపడదు.

అసలు ఏడుపు ఫంక్షన్ హాళ్ల దగ్గర. మా రోజుల్లో ముహూర్తం అంటే మాకు పరీక్ష. ఫ్లాష్ ఒకసారి వెలిగితే మళ్లీ ఛార్జి కావడానికి ఎనిమిది పది సెకన్లు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి అది సిద్ధంగా ఉండాలి కనుక ముందు పది నిమిషాలు ఏమీ తీయకుండా కూర్చునేవాళ్లం. పంతులుగారితో ముందే ఒప్పందం: "అయ్యగారూ, చెయ్యి తల మీద పెట్టాక ఒక్క క్షణం ఆపండి." పందిరి కింద ముఖానికి ఎదురుగా కాకుండా పక్క వాసానికి రెండో ఫ్లాష్ కట్టి, పైన పరిచిన తెల్ల పంచె మీదికి కొట్టేవాళ్లం. వెలుగు వెన్నెల్లాగా దిగేది, నగ నగగా, పసుపు పసుపుగా.

ఇప్పుడు మండపం వెనక ఎల్‌ఈడీ తెర, పైన తిరిగే లైట్లు, ఊదా ఒకటి, నీలం ఒకటి. పసుపు మీద నీలం వెలుగు పడితే పసుపు నల్లబడుతుంది, ఇది ఏ కెమెరా తప్పూ కాదు. తాళిబొట్టు పసుపుతాడు మసితాడులా ఉంటుంది. మన కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది కనుక చవక ఎల్‌ఈడీలు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. షట్టర్ అందుకు కలవకపోతే ఫొటో మీద అడ్డచారలు. దాన్ని సరిచేసుకోవడం కుర్రాళ్లకు తెలుసు, తెలివైనవాళ్లే. షట్టర్ వందకో యాభైకో దించితే చాలు. కానీ ఆ లైట్లు వాళ్ల చేతిలో లేవు. డెకరేషన్ వాడివి, డీజే వాడివి, ఈవెంట్ మేనేజర్‌వి. తలంబ్రాల వేళకు స్టేజీ మీద చల్లటి నిప్పుల చిమ్ములు, కాళ్ల కింద పొగ. ఫొటోగ్రాఫర్ ఒక మూల నిలబడి దొరికిన వెలుగులో దొరికింది తీసి, ఇంటికి పోయి కంప్యూటర్‌లో రంగులు కక్కించుకుంటున్నాడు. వాడిని తిట్టి లాభం లేదు. పెళ్లిలో వెలుగు ఎక్కడ పడాలో చెప్పే పని వాడి చేతిలోంచి జారిపోయింది, జారిపోయిందని కూడా ఎవరికీ తెలియదు. లక్షలు పోసి ముగ్గురు కెమెరామెన్లను పెట్టి, వాళ్లు చూడాల్సిన ముఖం మీద డీజే కుర్రాడి రిమోట్‌కు పెత్తనం ఇచ్చారు.

వచ్చే మాఘంలో ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు ఒక్క మాట. డెకరేషన్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందే ఫొటోగ్రాఫర్‌ను హాలుకు తీసుకుపోయి మండపం చూపించండి, లైట్ల వాడిని అక్కడికే పిలవండి. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాలు అయ్యేదాకా రంగు లైట్లు ఆపి తెల్ల లైట్లు మాత్రమే ఉంచాలని కాగితం మీద రాయించుకోండి. సంగీత్‌కు ఎన్ని రంగులైనా వేసుకోమనండి.